సర్పి మానినాక మిగిలే మంట

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెల్లో సర్పి వచ్చిందంటే మొదట గుర్తొచ్చేది జాజు పూయించడమే. నడుము మీదనో, రొమ్ము కిందనో, నుదుటి మీదనో ఒక పక్కగా పొక్కులు వరుసకట్టి లేస్తాయి. తలా తోకా కలిస్తే మనిషి దక్కడని పెద్దవాళ్ళ భయం. అవి కలవవు. చిన్నతనంలో వచ్చిపోయిన ఆటలమ్మ తాలూకు వైరస్ వెన్నెముక పక్కన నరాల మూలాల్లో దశాబ్దాల పాటు అణిగి ఉండి, ఒంట్లో సత్తువ తగ్గిన రోజున ఏదో ఒక నరం వెంట పైకి వస్తుంది. ఆ నరం ఒంటికి ఒక పక్కదే కాబట్టి పొక్కులు నడిమి గీత దాటి అవతలికి పోవు. మూడు నాలుగు వారాల్లో మాడి, చెక్కు కట్టి రాలిపోతాయి. జాజు పూసినా రాలతాయి, పూయకపోయినా రాలతాయి.

కొందరికి, ముఖ్యంగా అరవై దాటినవాళ్ళకి, అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. చర్మం మీద మచ్చ తప్ప ఏమీ ఉండదు, లోపల మాత్రం మంట ఆరదు. రవిక అంచు తగిలితే చురుకు. ఫ్యాను గాలి తగిలితే పోటు. గట్టిగా నొక్కితే కాస్త మేలనిపించి, మెల్లగా తాకితే ప్రాణం పోయినంత పనవుతుంది. రాత్రి అందరూ పడుకున్నాక అది ఇంకా ఎక్కువ. నెలలు గడుస్తాయి, కొందరికి ఏళ్ళు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అన్నీ బాగానే ఉంటాయి. అందుకని ఇంట్లోవాళ్ళకి మెల్లమెల్లగా అనుమానం పుడుతుంది.

ఈ నొప్పికి తెలిసిన డాక్టరు రాసే మందుల్లో అమిట్రిప్టిలిన్ ఒకటి. పది మిల్లీగ్రాముల చిన్న మాత్ర, రాత్రిపూట ఒకటి. చీటీ తీసుకుని కొడుకు మందుల షాపుకి పోతాడు. "ఇదెవురికబ్బీ, మీ యమ్మకా? ఇది మతి సరిగా లేనోళ్ళకిచ్చే మాత్ర గదా!" అని ఒక మాట పడుతుంది. ఇంటికొచ్చి ఫోనులో వెతికితే డిప్రెషన్ మందు అనే కనబడుతుంది. ఆ తల్లికి అర్థమయ్యేది ఒక్కటే: నా నొప్పి నిజం కాదని డాక్టరు కూడా తేల్చేశాడు. మాత్రలు గూట్లోనే ఉండిపోతాయి. మంట మంటగానే ఉంటుంది.

ఆ తల్లి అనుకున్నది తప్పు. అది తప్పని వైద్యులే ఇరవై ఏళ్ళకు పైగా శ్రమపడి, మనుషులకు మందు ఇచ్చి, నొప్పిని ఒకవైపు, దిగులును ఇంకోవైపు విడివిడిగా కొలిచి తేల్చారు. ఆ కథ తెలుగులో చెప్పుకోవలసిన అవసరం ఎంతో ఉంది.

కథ క్షయతో మొదలవుతుంది. 1911 దాకా కడప జిల్లాలోనే ఉన్న మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషనరీల క్షయ ఆసుపత్రి వెలిసింది. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, కొందరికి ఊపిరితిత్తిని కొంతకాలం ముడుచుకునేట్టు చేసే చికిత్స. మందులు రాకముందు ప్రపంచమంతటా శానటోరియంల బతుకు అదే. 1952లో ఐసోనియజిడ్ వచ్చి ఆ బతుకును మార్చేసింది. దానితో పాటే పరీక్షకు వచ్చిన దాని తోబుట్టువు ఇప్రోనియజిడ్. న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్ మీద సీ వ్యూ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ రోబిట్జెక్, ఇర్వింగ్ సెలికాఫ్ ఈ మందుల్ని తీవ్రమైన క్షయరోగులకి ఇచ్చి చూశారు. మంచం దిగలేని వాళ్ళు లేచి తిరిగారు, ఆకలితో తిన్నారు, వార్డు నడవాల్లో ఆడిపాడారు. ఊపిరితిత్తులు ఇంకా బాగుపడకముందే మనసు లేచి కూర్చుంది. 1957లో నేథన్ క్లైన్ ఇప్రోనియజిడ్‌ను దిగులు జబ్బుకి వాడి చూపించాడు. కాలేయాన్ని దెబ్బతీస్తోందని కొన్నేళ్ళకే అమెరికాలో ఆ మందును ఆపేశారు.

రెండో పాయ స్విట్జర్లాండ్‌ది. బాజెల్ నగరంలో గైగీ అనే రంగుల కంపెనీ. 1899లోనే తయారైన ఒక పాత రసాయనం నుంచి 1940ల చివర అక్కడి రసాయన శాస్త్రజ్ఞులు నలభైకి పైగా కొత్త పదార్థాలు తయారుచేశారు. దురదలకు, తుమ్ములకు పనికొస్తాయేమో, నిద్రమందులవుతాయేమో, నొప్పి తగ్గిస్తాయేమో అని వాళ్ళ ఆశ. మొదటి జాబితాలోనే నొప్పి, నిద్ర రెండూ ఉన్నాయి. ఆ తర్వాత వాటిని మరిచిపోయి, చుట్టూ తిరిగి, మళ్ళీ వాటి దగ్గరికే రావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున మ్యూన్‌స్టర్‌లింగెన్ అనే ఊళ్ళో మానసిక ఆసుపత్రి వైద్యుడు రోలాండ్ కూన్. గైగీ పంపిన ఒక పదార్థాన్ని నిద్రమందుగా వాడి చూశాడు, అది నిద్రకి పనికిరాలేదు. 1952లో ఫ్రాన్స్ నుంచి క్లోర్‌ప్రోమజీన్ వచ్చి స్కిజోఫ్రీనియా చికిత్సను మార్చేశాక, దాన్ని పోలిన మరో పదార్థాన్ని గైగీ పంపింది. దాని సంఖ్య జి 22355. స్కిజోఫ్రీనియా రోగులకి మేలు చేయలేదు సరికదా కొందరిని ఇంకా కలవరపెట్టింది. 1956 మొదట్లో కూన్ దాన్ని లోతైన దిగులులో ఉన్న రోగులకి ఇచ్చాడు. కొద్ది రోజుల్లో వాళ్ళు పొద్దున తమంతట తామే లేవడం, మాట్లాడడం, చుట్టాల్ని చూడాలనడం మొదలుపెట్టారు. 1957 ఆగస్టు 31న స్విస్ వైద్యపత్రికలో దాని గురించి రాశాడు. సెప్టెంబరులో జ్యూరిక్‌లో జరిగిన ప్రపంచ మనోవైద్యుల సభలో మాట్లాడితే విన్నది పన్నెండు మందో ఏమో. ఆ మందే ఇమిప్రమీన్.

కూన్ గురించి మంచి మాత్రమే చెప్పి ముందుకు పోలేను. ఆ ఆసుపత్రి పాత కాగితాల్ని చరిత్రకారులు తిరగేసి 2019లో ఒక పుస్తకం వేశారు. దశాబ్దాల పాటు అక్కడ అరవైకి పైగా మందుల్ని వెయ్యిమందికి పైగా రోగుల మీద పరీక్షించినట్టు తేలింది. చాలామందికి తమ మీద జరుగుతున్నది పరీక్ష అని తెలియదు. ఈ రోజు మనం మింగే మాత్ర వెనుక వాళ్ళున్నారు.

ఇమిప్రమీన్ ఎట్లా పనిచేస్తుందో తెలియడానికి మన దేశపు మొక్క ఒకటి సాయపడింది. సర్పగంధి వేరును మన వైద్యులు నిద్రకి, ఉన్మాదానికి తరతరాలుగా వాడారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ అది రక్తపోటుని తగ్గిస్తుందని బ్రిటిష్ పత్రికలో రాశాక ప్రపంచం అటు తిరిగింది. 1952లో దాన్నుంచి రిసర్పిన్ తీశారు. రిసర్పిన్ తీసుకున్న కొందరు తీవ్రంగా దిగులుపడిపోవడం డాక్టర్లు చూశారు. రిసర్పిన్ మెదడులోని సెరటోనిన్, నోరడ్రినలిన్ నిల్వల్ని ఖాళీ చేస్తుందని అమెరికాలో, స్వీడన్‌లో కనుక్కున్నారు. మరి దిగులు తగ్గించే మందు చేసేదేమిటి? 1961లో జూలియస్ యాక్సెల్‌రాడ్ బృందం చూపించింది: నరం చివర నుంచి విడుదలైన నోరడ్రినలిన్‌ను ఆ నరమే మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది, ఇమిప్రమీన్ ఆ పీల్చుకోవడాన్ని అడ్డుకుంటుంది. 1970లో ఆయనకు నోబెల్ వచ్చింది.

1961లోనే అమెరికాలో, ఇమిప్రమీన్‌ను పోలిన అమిట్రిప్టిలిన్‌కి అనుమతి దొరికింది. మెర్క్ కంపెనీ మందు అమ్మడానికి ముందు జబ్బును అమ్మింది. దిగులు రోగిని ఎట్లా గుర్తుపట్టాలో చెబుతూ ఫ్రాంక్ ఏడ్ రాసిన పుస్తకాన్ని యాభై వేల ప్రతులు కొని డాక్టర్లకు పంచింది. అమిట్రిప్టిలిన్ వేసుకుంటే మగతగా ఉంటుంది, నోరు ఎండుతుంది. ఆ మగతను అప్పట్లో దోషంగానే చూశారు.

నొప్పి సంగతి ఇంకో దారిలో బయటపడింది. 1960లో ఫ్రాన్స్‌లో పావోలీ, దార్కూర్, కోసా అనే ముగ్గురు ఇమిప్రమీన్‌ను నొప్పి రోగులకి ఇచ్చి, మేలు కనబడిందని చిన్న వ్యాసం రాశారు. ఆ తర్వాత చాలాచోట్ల డాక్టర్లు ఇచ్చి చూశారు. మేలు కనబడిందని అందరూ చెప్పారు. ఎందుకు మేలు అన్న దగ్గరే అందరూ ఒక సులువైన జవాబు మీద కూర్చున్నారు. ఇది దిగులు మందు, నొప్పి తగ్గింది, కాబట్టి ఆ నొప్పి అసలు దిగులే, నొప్పి ముసుగు వేసుకుని వచ్చింది. వినడానికి తర్కంగానే ఉంది. ఈ తర్కం వల్ల ఎంతమంది ఆడవాళ్ళు, ఎంతమంది కూలీలు, ఎంతమంది ముసలివాళ్ళు తమ నొప్పిని నిరూపించుకోవలసిన ముద్దాయిలయ్యారో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

ఈ జవాబుకి మొదటి దెబ్బ తలనొప్పి దగ్గర తగిలింది. తీరని తలనొప్పి ఈ గడ్డకీ పాతదే. 1652లో గండికోటకు వచ్చి గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాకి నగలు, ముత్యాలు చూపించిన ఫ్రెంచి వ్యాపారి టవెర్నియే తన యాత్రల పుస్తకంలో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా తలనొప్పి గురించి రాశాడు. నాలుక కింద నాలుగు చోట్ల రక్తం తీయాలని ఆస్థాన వైద్యులు చెప్పారట. సుల్తాను నాలుక కింద కత్తి పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? చివరికి రాజు కొలువులో చేరిన పీటర్ డి లాన్ అనే డచ్చి వైద్యుడు ఆ పని చేశాడని టవెర్నియే కథనం. మూడు వందల ఏళ్ళ తర్వాత, 1973లో, బ్రిటన్‌లో గోమర్సాల్, స్టూవర్ట్ అనే ఇద్దరు పార్శ్వపు నొప్పి పదే పదే రాకుండా అమిట్రిప్టిలిన్ ఇచ్చి చూశారు. పనిచేసింది. 1976లో అమెరికాలో కౌచ్ బృందం ఇంకో అడుగు వేసి, దిగులు లేని రోగులకీ మేలు కలుగుతోందా అని అడిగింది. కలుగుతోంది. తలనొప్పి తగ్గడానికీ దిగులు తగ్గడానికీ పెద్ద లంకె కనబడలేదు.

అయినా పాత నమ్మకం పోలేదు. 1982లో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి అమెరికా మనోవైద్యులు బ్లూమర్, హైల్‌బ్రాన్ రాసింది. కారణం దొరకని దీర్ఘకాలపు నొప్పి ఒక రకం డిప్రెషనే అని, అట్లాంటి మనుషుల స్వభావమే నొప్పి వైపు మొగ్గుతుందని వాళ్ళ వాదం. రెండోది కెనడాలోని టొరంటో నరాల వైద్యుడు పీటర్ వాట్సన్, ఆయన సహచరులు రాసింది. వాళ్ళు ఎంచుకున్నది సర్పి తర్వాతి నొప్పి.

ఆ ఎంపికలోనే వాట్సన్ తెలివి ఉందని నేననుకుంటాను. నడుము నొప్పిని అనుమానించొచ్చు, తలనొప్పిని అనుమానించొచ్చు. సర్పిని అనుమానించలేం. ఏ నరం చెడిందో చర్మం మీద మచ్చలే చెబుతాయి. ఏ రోజు మొదలైందో రోగికీ, డాక్టరుకీ తెలుసు. అక్కడ నొప్పి ఉందంటే ఊహ అని తోసెయ్యడం కుదరదు. ఇరవై నలుగురు రోగుల్ని తీసుకున్నారు. ప్రతి ఒక్కరికీ కొన్ని వారాలు అమిట్రిప్టిలిన్, కొన్ని వారాలు మందు లేని ఉత్తి మాత్ర. ఏది ఎప్పుడో రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. ఒకరితో ఒకరిని పోల్చడం లేదు. ఏ రోగికి ఆ రోగే సాక్షి. నొప్పిని ఒక కొలతతో, దిగులును వేరే కొలతతో రాసుకున్నారు. ఇరవై నలుగురిలో పదహారు మందికి నొప్పి బాగా తగ్గింది. చాలామందికి దిగులు కొలతలో మార్పే లేదు. వాళ్ళలో అసలు దిగులు జబ్బు ఉన్నవాళ్ళు తక్కువ. నొప్పిని తగ్గించిన మోతాదు కూడా సగటున డిప్రెషన్‌కి వాడే మోతాదు కన్నా చిన్నదే.

ఈ వ్యాసం పరిమాణంలో చిన్నదే, అయితే దాని తర్వాత పాత జవాబు నిలబడలేదు. మాత్ర దిగులుకి పనిచేస్తుంది. అదే మాత్ర నొప్పికీ పనిచేస్తుంది. ఒకటి ఇంకోదాని ద్వారా కాదు.

1987లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో మిచెల్ మాక్స్ ఇదే ప్రశ్నను షుగరు రోగుల అరికాళ్ళ మంటల దగ్గర అడిగాడు. ప్రొద్దుటూరు వీధుల్లో ఆ మంటల గురించి చెప్పనవసరం లేదు. తడిగుడ్డ కప్పుకుని పడుకునేవాళ్ళు, అర్ధరాత్రి సిమెంటు గచ్చు మీద కాళ్ళు పెట్టుకునేవాళ్ళు వీధికొకరు ఉంటారు. ఇరవై తొమ్మిది మంది మీద మాక్స్ చేసిన పరీక్షలోనూ దిగులు ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఒకేలా మేలు కలిగింది. 1992లో ఆయనే ఇంకో ప్రశ్న వేశాడు. అన్ని దిగులు మందులూ నొప్పికి పనికొస్తాయా? చెప్పుకోదగ్గ మేలు అమిట్రిప్టిలిన్‌తో వందకి డెబ్భై నలుగురికి, అదే కుటుంబపు డెసిప్రమీన్‌తో అరవై ఒక్కరికి. కొత్త రకం దిగులు మందు ఫ్లూయోక్సెటిన్‌తో నలభై ఎనిమిది మందికి, ఉత్తి మాత్రతో నలభై ఒక్కరికి. అంటే ఫ్లూయోక్సెటిన్‌కీ ఉత్తి మాత్రకీ పెద్ద తేడా లేనట్టే.

ఫ్లూయోక్సెటిన్ పేరు తెలుగువాళ్ళకి తెలిసిన పేరే. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టిన కల్లం అంజిరెడ్డి 1984లో హైదరాబాదులో పెట్టిన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ 2001 ఆగస్టులో అమెరికాలో ఆ మందు నలభై మిల్లీగ్రాముల కాప్స్యూళ్ళను 180 రోజుల ప్రత్యేక హక్కుతో అమ్మింది. భారతీయ కంపెనీకి అట్లాంటి హక్కు దక్కడం అదే మొదలు. దిగులుకి అది గొప్ప మందు. కాళ్ళ మంటకి మాత్రం కాదు. ఒకే జాతి మందులని కలిపి కట్టేసి, అదున్నా ఇదున్నా ఒకటేలే అనుకుంటే పొరపాటని మాక్స్ లెక్కలు చెబుతున్నాయి.

ఎందుకు కాదు? సమాధానం వెన్నుపాములో ఉంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు, ఒంటి నుంచి వచ్చే నొప్పి కబురు వెన్నుపాములో ఒక గేటు దాటాకే పైకి పోతుందని, ఆ గేటును మెదడు కూడా మూయగలదని చెప్పారు. 1969లో రేనాల్డ్స్ ఎలుకల మెదడు మధ్యభాగంలో ఒక చోట సన్నటి కరెంటు పెడితే మత్తుమందు లేకుండా కడుపు కోసినా అవి కదల్లేదు. మెదడు నుంచి కిందికి వచ్చే నరాలు వెన్నుపాములో నోరడ్రినలిన్, సెరటోనిన్ వదిలి నొప్పి కబురును అణుస్తాయని తర్వాతి ఏళ్ళలో తేలింది. నరం చెడిన మనిషిలో కబుర్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి, అణిచే బలం చాలదు. కాలువ నీళ్ళు దారిలో ఒక గండి గుండా వెనక్కి పోతుంటే చివరి మడికి అందవు. గండి పూడిస్తే అవే నీళ్ళు చివరి మడి దాకా పారతాయి. అమిట్రిప్టిలిన్ కొత్తగా నీళ్ళు తేదు, పీల్చుకుపోయే దారిని మూస్తుంది. అందులో నోరడ్రినలిన్ పాత్ర పెద్దది. ఫ్లూయోక్సెటిన్ ప్రధానంగా సెరటోనిన్ ఒక్కదాని మీదే పనిచేస్తుంది. రెండింటి మీదా పనిచేసే డులోక్సెటిన్ 2004లో అమెరికాలో డిప్రెషన్‌కీ, షుగరు నరాల నొప్పికీ ఒకే ఏడాది అనుమతి పొందింది.

నిద్ర మాటకొస్తే అది ఇంకో దారి. మెదడును మేలుకొలిపి ఉంచే వాటిలో హిస్టమిన్ ఒకటి. దానికి ఈ పాత మందులు గట్టిగా అడ్డుపడతాయి, అతి తక్కువ మోతాదులోనే. గైగీ రసాయన శాస్త్రజ్ఞులు తుమ్ములకు మందు వెతుకుతూ మొదలుపెట్టారు కదా, ఆ గుణం ఈ కుటుంబాన్ని వదల్లేదు. డోక్సెపిన్ అనే మందును 1969 నుంచి డిప్రెషన్‌కి మూడు వందల మిల్లీగ్రాముల దాకా ఇచ్చేవారు. 2010లో అదే మందు మూడు, ఆరు మిల్లీగ్రాముల మాత్రగా, నిద్ర మధ్యలో తెలివి వచ్చేవాళ్ళ కోసం అమెరికాలో అనుమతి పొందింది. మోతాదు మారితే మందు చేసే పనే మారిపోతుంది. చీటీ మీది అమిట్రిప్టిలిన్ 10ని చూసి అది డిప్రెషన్ చికిత్స అనుకోవడం అందుకే సరికాదు. డిప్రెషన్‌కి అయితే డాక్టరు సాధారణంగా 75, 100, 150 దాకా పోతాడు. నొప్పికి పదితో మొదలుపెట్టి, ఒంటికి పడితే ఇరవై ఐదు, అవసరమైతే ఇంకాస్త. దిగులు తగ్గడానికి పట్టేంత కాలం నొప్పికి పట్టదు. ఒకటి రెండు వారాల్లోనే కొందరికి తేడా తెలుస్తుంది. నిద్ర ముందు వస్తుంది. నాలుగు రాత్రులు పడుకున్న మనిషికి పగటి నొప్పి కూడా కొంత ఓర్చుకునేదిగా మారుతుంది.

ఈ మాత్రను దేవుడి ప్రసాదంగా చూపించడం కూడా నాకు ఇష్టం లేదు. 2015లో ఫిన్నెరప్ బృందం అప్పటి దాకా వచ్చిన పరీక్షలన్నీ కలిపి లెక్కగడితే, నరాల నొప్పితో ఈ పాత మందులు వేసుకున్న ముగ్గురు నలుగురిలో ఒకరికి, ఉత్తి మాత్రతో వచ్చే మేలు కన్నా ఎక్కువగా, నొప్పి సగానికి తగ్గుతుందని వచ్చింది. మిగతావాళ్ళకి మేలు కొద్దిగానే ఉంటుంది, లేదా అసలు ఉండదు. నడుము నొప్పికి ఆస్ట్రేలియాలో 146 మంది మీద ఆరు నెలల పాటు ఇరవై ఐదు మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన పరీక్ష 2018లో వచ్చింది. ఆరు నెలల దగ్గర నొప్పిలో నమ్మదగ్గ తేడా కనబడలేదు. 2023లో కోక్రేన్ సంస్థ 176 పరీక్షలు, 28,664 మంది రోగుల వివరాలు చూసి, దీర్ఘకాలపు నొప్పికి గట్టి ఆధారం ఉన్నది డులోక్సెటిన్‌కే అంది. అమిట్రిప్టిలిన్ పరీక్షలు ఎక్కువగా చిన్నవి, పాతవి. పేటెంటు ఎప్పుడో తీరిపోయిన చవక మందు మీద పెద్ద పరీక్ష చేయడానికి డబ్బు పెట్టేవాళ్ళు అరుదు. చవక కావడమే దానికి శాపమయింది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల పట్టికలో, మన దేశపు పట్టికలో దాని పేరు ఉంది. కాన్సరు నొప్పికి మార్ఫిన్ ఇచ్చేచోట నరాల నొప్పి కలిస్తే తోడుగా ఇచ్చే మందుల్లో ఇది మొదటి వరసలోది. తెలుగు నేల మీద ఆ రకమైన ఉపశమన వైద్యానికి దారి వేసింది హైదరాబాదు ఎమ్మెన్‌జే కాన్సరు ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రీ పాలత్ నడిపిన విభాగం.

హాని సంగతి కూడా చెప్పాలి. నోరు ఎండడం, మలబద్ధకం, పొద్దున మగత మామూలే. ప్రొస్టేటు వాపు ఉన్న మగవాళ్ళకి మూత్రం బిగుసుకుపోవచ్చు. కొన్ని రకాల గ్లకోమా ఉన్నవాళ్ళకి కంటి ఒత్తిడి పెరగొచ్చు. గుండె లయ తప్పినవాళ్ళు, ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు డాక్టరుకి ముందే చెప్పాలి. ముసలివాళ్ళు రాత్రి మంచం మీద నుంచి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. నొప్పికని ట్రామడాల్ కూడా వేసుకుంటుంటే ఆ మాట దాచకూడదు. ఎక్కువ మాత్రలు ఒకేసారి మింగితే ప్రాణాంతకం, పిల్లలకి అందనివ్వకూడదు. నెలల పాటు వాడి ఒక్కరోజులో ఆపేయకూడదు, మెల్లగా తగ్గించాలి.

2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నొప్పికి తన నిర్వచనాన్ని మార్చింది. ఆ పని చేసిన బృందానికి పెద్ద, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్యుడు శ్రీనివాస రాజా. సర్పి తర్వాతి నొప్పికి మార్ఫిన్ జాతి మందులనీ ఈ పాత దిగులు మందులనీ పక్కపక్కన పెట్టి 76 మంది మీద పరీక్షించి 2002లో వ్యాసం రాసింది ఆయన బృందమే. కొత్త నిర్వచనం కింద చేర్చిన వివరణల్లో, ఒక మనిషి తనకు నొప్పి ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలని ఉంది. వాట్సన్ 1982లో చేసింది ఒక రకంగా అదే. రోగి చెప్పిన మాటను నమ్మి, దాన్ని కాగితం మీద అంకెగా రాసుకున్నాడు.

ఇప్పుడు ఇంగ్లండులో ఈ మందును ఎట్లా వాడుతున్నారో చూస్తే, మన దగ్గర ఏం లోపించిందో తెలుస్తుంది. 2023లో లాన్సెట్ పత్రికలో అట్లాంటిస్ అనే పరీక్ష వచ్చింది. పేగుల అలజడి, కడుపునొప్పి ఏళ్ళ తరబడి వదలని 463 మందికి ఊళ్ళలోని మామూలు డాక్టర్ల దగ్గర యాభై ఐదు క్లినిక్కుల్లో పది మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్‌నో, ఉత్తి మాత్రనో ఇచ్చారు. మోతాదు పెంచడం తగ్గించడం డాక్టరు చేతిలో పెట్టలేదు. పది నుంచి ముప్ఫై లోపల ఎంత సరిపోతుందో రోగులే మెల్లగా చూసుకున్నారు. దానికోసం వాళ్ళ చేతికి ఒక కాగితం ఇచ్చారు. ఆరు నెలలకి అమిట్రిప్టిలిన్ వేసుకున్నవాళ్ళలో వందకి అరవై ఒక్కరు, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో నలభై ఐదుగురు తమకు ఉపశమనం కలిగిందన్నారు.

జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో, పులివెందులలో డాక్టర్లు ఈ మాత్ర రాసేటప్పుడు తెలుగులో అట్లాంటి కాగితం ఒకటి చీటీకి పిన్ను కొట్టి ఇస్తే చాలు. దానికి పెద్ద ఖర్చు కాదు. నాలుగు మాటలు రాయాలి. ఈ మాత్రను పెద్ద మోతాదులో డిప్రెషన్‌కి వాడతారు, మీకు రాసింది చిన్న మోతాదులో, చెడిన నరం నొప్పికి. పడుకునే వేళకి రెండు గంటల ముందు వేసుకోండి, అప్పుడు పొద్దున మగత తక్కువ. మొదటి వారం నోరు ఎండుతుంది, మజ్జిగ, నీళ్ళు తాగండి. రాత్రి లేచేటప్పుడు రెండు నిమిషాలు మంచం అంచున కూర్చోండి. రెండు వారాలు ఓపిక పట్టండి. ఆరు వారాలకి మేలు లేకపోతే మళ్ళీ రండి, వేరే మందు చూద్దాం. మీకు మీరుగా ఆపొద్దు. ఒక కాపీ మందుల షాపు అద్దం వెనక అంటించి ఉంటే, మాత్ర తీసి ఇచ్చే కుర్రవాడు కూడా చదువుకుంటాడు.